నడుమ మనిషి లేని బేరం

నేను శాస్త్రవేత్తను కాను. ఆ మాట ముందే చెప్పేస్తే మీరు మధ్యలో అడగాల్సిన పని ఉండదు. నయాపూల్‌కు కాస్త దూరంలో ఉన్న ఒక సర్కారీ డిగ్రీ కాలేజీలో, కెమిస్ట్రీ ల్యాబ్‌లో అటెండర్‌గా చేరాను. అదే ల్యాబ్ స్టోర్ చూసుకుంటూ రిటైరయ్యాను. బ్యూరెట్లు కడగడం, ఆసిడ్ సీసాలకు చీటీలు అంటించడం, పిల్లలు పగలగొట్టిన గాజు ఊడ్చడం, ఇవీ నా విద్యలు. అయినా పరమాణువులు ఒకదాన్నొకటి ఎందుకు పట్టుకొని ఉంటాయన్న సంగతి మీద నాకొక సొంత సిద్ధాంతం ఉండేది. అప్పుడే నవ్వకండి. నవ్వాల్సింది ముందుంది.

ఈమధ్య ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు కలిసినప్పుడు "ఈ పనిల ఏముందన్నా, కడుగుడు తుడుచుడే గదా" అంటున్నారు. వాళ్ల మాటకు నాకు కోపం వస్తుంది. కోపం వచ్చినప్పుడు ఈ కథ చెబుతుంటాను. చెప్పీ చెప్పీ మా ఆవిడ చెవులు అరిగిపోయాయి కాబట్టి ఈసారి రాస్తున్నాను.

ఈ కథకు మొదలు కాలేజీలో లేదు, గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో ఉంది. మా బాపు అక్కడ దలాల్. పూలు పండించడు, పూలు కొనడు, నడుమ నిలబడతాడు. బంతిపూల మూటలు దిగగానే రైతు చెయ్యి ఒక చేత్తో, కొనేవాడి చెయ్యి ఇంకో చేత్తో పట్టుకొని మీద తువ్వాలు కప్పేవాడు. ఆ తువ్వాలు కింద వేళ్ల నొక్కుళ్లతోనే ధర నడిచేది. పక్కనున్నవాడికి ఏమీ తెలిసేది కాదు. కుదిరిందంటే ఆ రెండు చేతులనూ ఒకదాంట్లో ఒకటి పెట్టి, తువ్వాలు దులిపి భుజాన వేసుకొని ఇంకో మూట దగ్గరికి పోయేవాడు. నేను పూల మూటల మీద కూర్చొని అదంతా చూస్తూ పెరిగాను.

"నడుమ మనిషి లేకుంటే ఏ బేరమూ నిలవది బిడ్డా" అనేవాడు బాపు. మా ఇంట్లో అది వేదవాక్కు.

ఆ వాక్కును మొదట తప్పింది నేనే. దబీర్‌పురా స్టేషన్‌లో రోజూ నాతోపాటు రైలెక్కే పిల్ల ఒకతె ఉండేది. సర్కారు దవాఖానాలో ఆయాగా పనిచేసేది. వాళ్లు చర్చికి పోయే మనుషులు, మేము గుడికి పోయే మనుషులం. ఎవరూ కుదర్చలేదు, ఎవరూ అడగలేదు. మేమిద్దరమే మాట్లాడుకొని రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి పెళ్లి చేసుకున్నాం. సాక్షి సంతకాలకు నా దోస్తులు వచ్చారు గానీ, సంబంధం మాట్లాడిన పెద్దమనిషంటూ ఎవడూ లేడు. బాపుకు ఆమె మతం మీద అంత కోపం రాలేదు. ఆయన కోపమంతా వేరే.

"నడుమ ఎవరున్నర్‌రా మీకు? రేపు లొల్లయితే ఎవని కాడికి పోతరు? గిట్లాంటిది ఎన్నొద్దులు నిలుస్తది?" అన్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు మా గడప దాకా వచ్చేవాడు గానీ లోపలికి వచ్చేవాడు కాదు. మంచినీళ్లిస్తే "ఇప్పుడే తాగిన" అనేవాడు.

చివరి రోజుల్లో దవాఖానాలో ఉన్నప్పుడు మా ఇద్దరినీ పిలిపించాడు. మాట సరిగా రావడం లేదు. నా చెయ్యి ఒక చేత్తో, నా భార్య చెయ్యి ఇంకో చేత్తో పట్టుకొని కండ్లతో తువ్వాలు చూపించాడు. నేను కప్పాను. ఆ తువ్వాలు కింద మా చేతులు రెండూ కలిపాడు. నాకు ఏడుపు ఆగలేదు. అన్నేండ్లు నడుమ మనిషి లేకుండా నడిచిన బేరానికి తానే నడుమ మనిషై బాపు వెళ్లిపోయాడని నాకు అర్థమైంది. ఆ రోజు నుంచి ఆయన మాట మీద నాకు గురి కుదిరింది. బతికున్నప్పుడు తప్పిన మాటను ఆయన పోయాక పట్టుకున్నాను.

ఇక కాలేజీ సంగతి. స్టోర్‌రూమ్‌కూ క్లాసుకూ నడుమ ఒక చెక్క తలుపు ఉండేది. లోపల కెమిస్ట్రీ మేడమ్ పాఠం చెబుతుంటే ఇవతల నేను నల్లా కింద గాజు సామాను కడుగుతూ వినేవాణ్ని. ఆ మేడమ్ పాతబస్తీలో పుట్టి పెరిగిన మనిషి. ఇంట్లో ఉర్దూ, క్లాసులో ఇంగ్లీషు, నాతో తెలుగు. కోపమొస్తే మూడూ కలిసి వచ్చేవి. ఏటేటా రసాయన బంధం పాఠం వచ్చేది. పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకుంటాయి, ఆ పంచుకోవడంతోనే కలిసి ఉంటాయి అని ఆమె చెప్పేది.

నాకు ఆ ముచ్చట ఎప్పుడూ నచ్చలేదు. పంచుకున్నచోట కలిసుండడం ఎక్కడైనా ఉందా? మా గల్లీలో రెండిళ్లకు ఉమ్మడి గోడ ఉంటే గోడ మీద లొల్లి. ఉమ్మడి నల్లా ఉంటే బిందెల మీద లొల్లి. ఉమ్మడి మెట్ల కోసం కోర్టుకెక్కిన అన్నదమ్ములు నాకు తెలుసు. పంచుకుంటే విడిపోతారు గానీ కలుస్తారా? మేడమ్ పెద్ద చదువు చదివింది గానీ గల్లీ చూడలేదనుకునేవాణ్ని.

బాపు పోయిన కొన్నాళ్లకు ఒక రోజు అదే పాఠం నడుస్తోంది. "న్యూట్రాన్‌కు ఏ ఛార్జ్ లేదు. ప్లస్సు కాదు, మైనస్సు కాదు" అని తలుపు అవతల నుంచి వినిపించింది. ఎన్నోసార్లు విన్న మాటే. ఆ రోజు మాత్రం నా చేతిలో బ్యూరెట్ ఆగిపోయింది. అటు కాదు, ఇటు కాదు! ఎవరి పక్షమూ కాదు! ఇంకెవరు, మా బాపే.

నల్లా కట్టేసి స్టూలు మీద కూలబడ్డాను. ప్రోటాన్‌కు ఒక పనుంది, ఎలక్ట్రాన్‌కు ఒక పనుంది. మరి ఏ ఛార్జ్ లేనివాణ్ని దేవుడు పనిలేక పెట్టాడా? రెండు పరమాణువులు కలవాలంటే ఇద్దరూ నమ్మే మనిషి కావాలి. ఆ మనిషి న్యూట్రాన్. ఈ పరమాణువులోని న్యూట్రాన్ ఆ పరమాణువు చెయ్యి పట్టుకుంటుంది, ఎలక్ట్రాన్లు ఆ చేతుల మీద కప్పిన తువ్వాలు మాత్రమే. ఇదీ నా సిద్ధాంతం. ఆ రోజు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. పూల మార్కెట్లో మా బాపు అన్న మాట ఈ లోకంలో ప్రతి రాయిలో, ప్రతి నీటిబొట్టులో రాసి ఉందన్నమాట. అది నిజమైతే ఆయన మాటకు ఎదురు తిరిగిన నా తప్పు కూడా ఎక్కడో మాఫీ అయినట్టే అనిపించింది. నాకు సైన్స్ కన్నా అదే ముఖ్యం.

మేడమ్‌తో చెప్పే ధైర్యం లేక ఫిజిక్స్ సార్‌తో చెప్పాను. ఆయన వెటకారం మనిషి. ఖాళీ పీరియడ్లలో నా స్టోర్‌కు వచ్చి స్టూలు లాక్కొని కూర్చునేవాడు.

"అది సరేనయ్యా, హీలియంలో రెండు న్యూట్రాన్లున్నాయి. అది ఎవరితోనూ కలవదేం?" అన్నాడొకసారి.

"ఇద్దరు దలాల్‌లున్న కాడ బేరం యాడ కుదుర్తది సార్? నేనంటే నేనని కొట్టుకుంటరు."

"మరి కార్బన్‌లో ఆరున్నాయిగా?"

"అది పెద్ద మార్కెట్ సార్. గల్లీ దుకాణంతోని మార్కెట్‌ను తూకం వేస్తరా?"

ఆయన పొట్ట పట్టుకొని నవ్వేవాడు. నేను దాన్ని మెచ్చుకోలనుకున్నాను. చూశారా, సొంత సిద్ధాంతం ఉన్నవాడికి ప్రతి అడ్డు ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది. దొరికినప్పుడల్లా తన సిద్ధాంతం ఇంకా గట్టిపడిందనుకుంటాడు. ఇది నేను డబ్బులు కట్టకుండా నేర్చుకున్న పాఠం, మీకూ ఉచితంగా ఇస్తున్నాను.

నేను రిటైరయ్యే ముందు ఏడాది కాలేజీలో సైన్స్ సభ పెట్టారు. ఒక పెద్ద పరిశోధనశాలలో పనిచేసి విరమించిన పెద్దాయనను ముఖ్య అతిథిగా పిలిచారు. ఫిజిక్స్ సార్ పోయి ప్రిన్సిపాల్‌తో ఏం చెప్పాడో ఏమో, కార్యక్రమంలో నా పేరు కూడా చేర్చారు. "మన స్టోర్‌రూమ్ సిద్ధాంతి, పది నిమిషాలు" అని.

ఇంట్లో చెబితే మా ఆవిడ బియ్యం ఏరుతూ తలెత్తకుండానే అంది. "చెప్పుపో, వద్దన్నదెవరు? గని ఇస్త్రీ అంగీ తొడుక్కొని చెప్పు."

"గది బాపు మాటనే. అందరి ముంగట బాపు మాట చెప్తున్న."

"మీ బాపు మాట మీ బాపు చెప్పిండు. మల్ల నువ్వెందుకు?" అంది. నాకు ఒళ్లు మండింది. ఆడవాళ్లకు సిద్ధాంతాలు అర్థం కావనుకొని అంగీ ఇస్త్రీ చేసుకున్నాను.

సభ రోజు పొద్దున్నే ల్యాబ్ తెరిచాను. పిల్లలు స్టేజీ మీద చేసి చూపించే ప్రయోగాలకు సామాను నేనే సిద్ధం చేయాలి. అందులో మొదటిది హైడ్రోజన్. జింకు ముక్కల మీద ఆసిడ్ పోస్తే బుడబుడమని గ్యాస్ వస్తుంది. దాన్ని పరీక్షనాళికలో పట్టి మూతి దగ్గర అగ్గిపుల్ల పెడితే టప్‌మని చప్పుడవుతుంది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను చేస్తున్న పని అది. కండ్లు మూసుకొని చేయగలను.

మేడమ్ వచ్చి నా ముఖం చూసింది. "క్యా భాయ్, పొద్దుగాల్నే పెండ్లికొడుకు లెక్క తయారైనవ్. ఏం మాట్లాడుతున్నవ్ ఇయ్యాల? నాకు చెప్పనే లేదు."

ఇక దాచి లాభం లేదని అంతా చెప్పాను. బాపు సంగతీ, తువ్వాలు సంగతీ, న్యూట్రాన్ సంగతీ. ఆమె ఒక్కసారి కూడా మధ్యలో ఆపలేదు, నవ్వలేదు. మొత్తం విని, కొంగుతో కండ్లద్దాలు తుడుచుకొని పెట్టుకుంది. తర్వాత నేను నింపి పెట్టిన పరీక్షనాళిక ఒకటి తీసుకొని, అగ్గిపుల్ల గీసి మూతి దగ్గర పెట్టింది.

టప్.

"ఇది ఏంది భాయ్?"

"హైడ్రోజన్, మేడమ్."

"ఒక్కొక్కటి తిరుగుతదా, జోడీగ తిరుగుతదా?"

"జోడీనే. హెచ్ టూ."

"హైడ్రోజన్‌ల న్యూట్రాన్‌లు ఎన్ని?"

ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్, అంతే. మామూలు హైడ్రోజన్‌లో న్యూట్రాన్ ఉండదు. ఆ సంగతి నాకు తెలియదా? గోడ మీద చార్టులో మొట్టమొదటి గడే అది. రోజూ దాని కిందే కూర్చొని చాయ్ తాగేవాణ్ని. హీలియం నుంచి అన్నింటికీ జవాబులు వెతికాను గానీ, నా చేత్తో నేను పుట్టించే గ్యాసును ఒక్కనాడూ అడగలేదు.

"ఈ ఇద్దరి నడుమ నీ దలాల్ ఏడి భాయ్?" అంది మేడమ్. గట్టిగా కాదు, చాలా మెల్లగా అడిగింది.

స్టూలు లాక్కొని కూర్చున్నాను. సిద్ధాంతం పోయినందుకు కాదు. దవాఖానా మంచం మీద బాపు మరోసారి పోయినట్టు అనిపించింది. మేడమ్ నాకు మంచినీళ్లిచ్చింది.

"ఫికర్ మత్ కరో, రంది పడకు. ఆయనకు తబియత్ ఖరాబైందని ప్రిన్సిపాల్‌కు నేను చెప్త. ఇంటికి పో. ఎవ్వరికీ తెల్వది."

పోదామనే లేచాను. తలుపు దాకా పోయాను కూడా. అక్కడ ఆగి వెనక్కి చూస్తే బల్ల మీద ఇంకా నాలుగైదు నాళికలు బోర్లించి ఉన్నాయి. వాటిలో కంటికి కనిపించని జోడీలు కోట్లకు కోట్లు తిరుగుతున్నాయి. ఒక్కదాని నడుమ కూడా మనిషి లేడు. అయినా విడిపోవడం లేదు! మరి వీటిని పట్టుకున్నదెవరు? ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. అప్పటిదాకా నాకు జవాబు తెలుసు కాబట్టి ప్రశ్న ఎంత పెద్దదో తెలియలేదు. పరువు పోతే పోయింది, ఇది తెలుసుకోకుండా ఇంటికెట్లా పోతాననిపించింది.

"నేను మాట్లాడుత మేడమ్" అన్నాను.

సభలో ఫిజిక్స్ సార్ మైకులో నన్ను పిలిచాడు. "ఇప్పుడు మన స్టోర్‌రూమ్ సిద్ధాంతి గారు విశ్వ రహస్యం విప్పుతారు." హాలంతా ఈలలు. నేను ఒక నాళిక, అగ్గిపెట్టె పట్టుకొని ఎక్కాను.

"నమస్తే. నా సిద్ధాంతం ఇయ్యాల పొద్దుగాల్నే చచ్చిపోయింది" అన్నాను.

నవ్వులే నవ్వులు. నవ్వనిచ్చాను. తర్వాత నా సిద్ధాంతమేమిటో చెప్పాను, మా బాపు ఏం చేసేవాడో చెప్పాను. తువ్వాలు దగ్గరికి వచ్చేసరికి ఈలలు ఆగిపోయాయి. అప్పుడు నాళిక మూతి దగ్గర పుల్ల పెట్టాను. టప్‌మంది.

"దీంట్ల దలాల్ లేడు. మా మేడమ్ చూపెట్టింది. నడుమ ఎవ్వరు లేకుంటే మరి ఈ రెండు ఎట్ల కలిసున్నయ్? పంచుకుంటయ్ అంటరు. పంచుకునుడంటే ఏంది? మా గల్లీల పంచుకుంటే లొల్లైతది. పెద్ద సార్ వచ్చిండ్రు గాబట్టి అడుగుతున్న. నాకు చెప్పాలె."

హాలు మొత్తం ముఖ్య అతిథి వైపు తిరిగింది. ఆయన సన్నగా, కాస్త వంగి ఉన్న ముసలాయన. కుర్చీలోంచి లేచి మెల్లగా మెట్లెక్కి నా పక్కకు వచ్చాడు. సభకు రాగానే ఆయనకు కప్పిన శాలువా ఇంకా భుజాల మీదే ఉంది. దాని సగం తీసి నా భుజాల మీద కప్పాడు. మిగతా సగం ఆయన మీదే ఉంది.

"ఇప్పుడు ఈ శాలువా ఎవరిది?" అని అడిగాడు.

"మీదే సార్. మీకు కప్పిన్రు గదా."

"నా ఒంటి మీద సగమే ఉంది. మీరిప్పుడు అటు జరగండి చూద్దాం." జరగబోయాను. శాలువా లాగింది. ఆయన వైపుకే వచ్చాను. పిల్లలు నవ్వారు.

"మీ గల్లీలో గోడ మీద లొల్లి ఎందుకంటే, ప్రతివాడూ ఇది నాది, అది నీది అని గీత గీస్తాడు. ఎలక్ట్రాన్ దగ్గర ఆ గీత గీయడం కుదరదు. అది వీడి దగ్గర కాసేపు, వాడి దగ్గర కాసేపు ఉంటుందని కూడా అనలేం. ఒకే ఎలక్ట్రాన్ ఇద్దరి మీదా పరుచుకొని ఉంటుంది. రెండు ప్రోటాన్లకూ ఒకదానికొకటి పడదు, దూరంగా నెట్టుకుంటాయి. అయినా రెండూ దాన్ని వదలలేవు. అది రెంటి మీదా పరుచుకుంటే దానికీ సుఖం, వాటికీ సుఖం. నిజానికి ఒక్క ఎలక్ట్రాన్ ఉన్నా చాలు, రెండు ప్రోటాన్లు కలిసి ఉండగలవు."

"ఒక్కటి ఉన్నా?" అన్నాను.

"ఒక్కటి. ఈ శాలువా ముచ్చట ఉత్త పోలిక, దీన్ని నమ్ముకోకండి. అసలు సంగతి లెక్కల్లో ఉంది. నా జీవితమంతా ఆ లెక్కలే చేశాను. ఇప్పటికీ చూస్తే ఒళ్లు ఝల్లుమంటుంది" అన్నాడాయన. నా భుజం మీద చెయ్యి వేసి, "మీ దలాల్ లేకపోలేదు. న్యూట్రాన్ లోపలింట్లో ఉంటాడు. పరమాణువు నడిమధ్యన ప్రోటాన్లన్నీ ఇరుక్కొని ఉంటాయి కదా, అవి చెదిరిపోకుండా అక్కడ తోడుంటాడు. గడప దాటి బయటికి రాడు" అన్నాడు.

ఆ శాలువా కింద నిలబడ్డప్పుడు నాకేమైందో ఇప్పటికీ సరిగా చెప్పలేను. నా చేతిలో గాజు నాళిక ఉంది. ఆ గాజు, దాన్ని పట్టుకున్న వేళ్లు, గొంతులోని తడి, కాలేజీ గోడల రాళ్లు, అవతల మూసీ మీది వంతెన, అంతా గిట్లనే ఉందా? ఎవరూ కుదర్చకుండా, ఎవరూ పట్టుకోకుండా, నాది నీది అనే గీత లేకుండా? ఎన్నేండ్లు ఈ ల్యాబ్‌లో సీసాలు కడిగాను! ప్రతి సీసాలో ఇంత జరుగుతోందని తెలియకుండా కడిగాను. కండ్లలో నీళ్లు తిరిగాయి. సిద్ధాంతం పోయినందుకని అందరూ అనుకొని ఉంటారు. అనుకోనీ.

సభ అయ్యాక ఫిజిక్స్ సార్ స్టోర్‌కు రెండు చాయ్‌లు పట్టుకొని వచ్చాడు. "నవ్వుదామనే పెట్టానయ్యా నిన్ను ప్రోగ్రాంలో. బుద్ధి గడ్డి తిన్నది" అన్నాడు. "నవ్విన్రు గద సార్, మీ పైసలు వసూలే" అన్నాను. ఇద్దరం నవ్వుకుంటూ చాయ్ తాగాం. మేడమ్ తలుపు అవతల నుంచి "చాయ్ అక్కడ పెట్టకురి, ఆసిడ్ బల్ల అది!" అని మూడు భాషల్లో తిట్టింది.

అంతా బాగానే ఉంది గానీ, ఇంటికి పోయే రైల్లో మళ్లీ బాపే గుర్తొచ్చాడు. లోకం ఎంత అద్భుతంగా ఉన్నా ఆ అద్భుతంలో మా బాపు మాట లేదు. దబీర్‌పురాలో దిగి ఇల్లు చేరేసరికి మా ఆవిడ గుమ్మంలో కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పక్కన కూలబడి జరిగింది మొత్తం చెప్పాను.

"బాపు మాట అబద్ధమైంది. నడుమ మనిషి లేకున్నా నిలుస్తదంట" అన్నాను.

"గది నాకెర్కనే. మన పెండ్లికి ఎవడున్నడు నడుమ?"

"చివరికి బాపు రాలేదా? దవాఖానల మన చేతులు కలిపిండు గదా. అందుకే నిలిచిందనుకున్న ఇన్నొద్దులు."

ఆమె ఒలవడం ఆపింది. నా వైపు వింతగా చూసింది.

"నీకు సక్కగ యాదికి లేదు. నువ్వు ఏడుస్తున్నవ్, నీకేం కానొచ్చింది? నా చెయ్యి తెచ్చి నీ చేతుల పెట్టిండు. పెట్టి, మీ బాపు తన రెండు చేతులు తువ్వాల కిందినుంచి మెల్లగ బయటికి తీస్కున్నడు. తీస్కొని రొమ్ము మీద పెట్టుకొని మనల్నే చూసుకుంట పండుకున్నడు. నర్సు వచ్చి తువ్వాల తీసేదాంక మన చేతులు రెండే ఉండె దాని కింద."

"తీసుకున్నడా?"

"అబద్ధమాడితే నాకేమొస్తది? బేరం కుదిరినంక దలాల్ అట్లనే చేతులు పెట్టుకొని కూసుంటడా, ఆయనకు వేరే పని లేదా?" అని మళ్లీ కాయలు అందుకుంది.

నాకు మార్కెట్ కళ్ల ముందుకొచ్చింది. పూల మూటల మీద కూర్చొని చిన్నప్పుడంతా చూశాను, చూసీ చూడలేదు. ప్రతి బేరం చివరా బాపు తన చేతులు తీసేసుకునేవాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకొని ఇంకో మూట దగ్గరికి పోయేవాడు. ఆయన వెనకాల ఆ ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకొని అట్లాగే నిలబడి ఉండేవాళ్లు.